చేయాలని ఉంది... చేయగలనా? చేయనిస్తారా?

(ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎంట్రప్రెన్యూర్‌షిప్ సెల్ (ఈ-సెల్, అంటే విద్యార్థులను సొంత వ్యాపారం వైపు ప్రోత్సహించే విభాగం) చూసుకునే అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, మైకు అవసరం తగ్గుతుంది.

ఫస్టియర్ క్లాసులోకి వెళ్లి 'మీలో సొంతంగా కంపెనీ పెట్టాలని ఎవరికుంది?' అని అడిగితే చేతులు బాగానే లేస్తాయి. అదే ప్రశ్న ఫైనలియర్‌లో, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌లు జరుగుతున్న వారంలో అడగండి. అన్ని చేతులు లేవవు. దీనికి స్టాఫ్ రూములో మనం చెప్పుకునే కారణం ఒకటే: పిల్లలకు మోటివేషన్ లేదు. దానికి మందు కూడా ఒకటే. ఒక పెద్ద వక్తను పిలుస్తాం, గేటు దగ్గర ఫ్లెక్సీ కడతాం, శాలువా కప్పుతాం, ఫొటో తీసి పోర్టల్‌లో ఎక్కిస్తాం.

నా వాదన దీనికి అడ్డం తిరుగుతుంది. మన విద్యార్థుల దగ్గర కోరికకు కొరత లేదు. చేయగలమన్న నమ్మకం తక్కువ, ఇంట్లో ఒప్పుకోలు తక్కువ. నిండిన తొట్టిలోనే మనం మళ్లీ నీళ్లు పోస్తున్నాం.

ఈ మోటివేషన్ అన్న మాటకు మన దగ్గరే ఒక చరిత్ర ఉంది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారుల మీద ఒక ప్రయోగం చేశాడు. వాళ్లను జట్లుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌కు, అంటే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ని-ఎంఎస్ఎంఈ అంటున్న ఆ సంస్థకే, రప్పించి కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. ఏదైనా సాధించాలన్న తపనను పెంచడం ఆ శిక్షణ లక్ష్యం. పోల్చి చూడటానికి రాజమండ్రిని పెట్టుకున్నారు. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లు వ్యాపారం పెంచడం, కొత్త పెట్టుబడులు పెట్టడం ఎక్కువగా కనబడింది. మన దేశంలో ఎంట్రప్రెన్యూర్‌షిప్ శిక్షణ పేరుతో నడిచే కార్యక్రమాలు చాలావాటికి ఇది తాతలాంటిది.

అయితే ఇందులో ఒక సంగతి మనం మరిచిపోతాం. ఆ కాకినాడవాళ్లు విద్యార్థులు కారు. అప్పటికే దుకాణమో, మిల్లో, గోదామో ఉన్నవాళ్లు. సరుకు ఎక్కడ కొనాలో, అప్పు ఎవరిస్తారో వాళ్లకు తెలుసు. చేయగలనా అన్న ప్రశ్నకు వాళ్ల జీవితమే జవాబు చెప్పేసింది. అలాంటివాళ్లకు తపన రాజేస్తే పని జరుగుతుంది. ఇరవై ఏళ్ల పిల్లాడికి, జీవితంలో ఒక్క బిల్లు కూడా రాయనివాడికి, అదే మందు ఇస్తే రెండు రోజులు వేడెక్కి చల్లారిపోతాడు.

సరే, సిద్ధాంతం కొంచెం చూద్దాం. ఎక్కువ కాదు.

1982లో షాపిరో, సోకోల్ ఒక నమూనా ఇచ్చారు. మనిషి వ్యాపారంలోకి దిగడానికి అది తనకు ఇష్టంగా అనిపించాలి, సాధ్యమని అనిపించాలి, పైగా ఊరుకోకుండా కదిలే స్వభావం ఉండాలి. ఇవన్నీ ఉన్నా చాలామంది కదలరు. ఒక కుదుపు కావాలి. ఉద్యోగం పోవడం, చదువు అయిపోవడం, వలస పోవాల్సి రావడం. ఆఫర్ లెటర్ చేతికొచ్చి జాయినింగ్ తేదీ నెలల తరబడి రాని పిల్లలను మీరు చూశారు కదా, అది కుదుపే. కానీ కుదుపు వచ్చిన నాటికి 'సొంతంగా చేసుకోవచ్చు' అన్న దారి మనసులో ముందే ఉండాలి. లేనివాడు అదే కుదుపుకు అమీర్‌పేటలో ఇంకో కోర్సులో చేరతాడు.

1991లో ఐసెక్ ఐజెన్ రాసిన ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతం ఈ విషయం మీద ఇప్పటి సర్వేలు చాలావాటికి పునాది. దీన్ని మన మాటల్లో మూడు ప్రశ్నలుగా చెప్పుకోవచ్చు. ఇది నాకు కావాలా? నేను చేయగలనా? నావాళ్లు ఏమంటారు? ఈ మూడింటి జవాబులు కలిసి ఉద్దేశం అవుతాయి. ఉద్దేశం నుంచి పని పుడుతుంది, అదీ కొంతవరకే. 2001లో ఆర్మిటేజ్, కానర్ 185 అధ్యయనాలను కలిపి చూస్తే ఈ సిద్ధాంతం మనుషుల ఉద్దేశాల్లోని తేడాల్లో 39 శాతాన్ని, చేసిన పనుల్లోని తేడాల్లో 27 శాతాన్ని వివరించగలిగింది. అవి వ్యాపారం మీద చేసిన అధ్యయనాలు మాత్రమే కావు, వ్యాయామం, ఆహారం, ఓటు, అన్నీ కలిపి. సామాజిక శాస్త్రంలో ఇవి మంచి అంకెలే. అయినా ఉద్దేశానికీ పనికీ మధ్య ఎంత ఖాళీ ఉందో ఇవే చెబుతున్నాయి.

మొదటి ప్రశ్న, కావాలా అన్నది. దీని మీద ఎక్కువసేపు ఆగను, ఎందుకంటే మన కార్యక్రమాలన్నీ ఇక్కడే ఆగిపోయాయి. ఒక్క చిక్కు మాత్రం చెప్పాలి. విద్యార్థి కోరుకునేది తరచు వ్యాపారాన్ని కాదు, వేదిక మీద నిలబడ్డ ఫౌండర్ బొమ్మను. అసలు పని ఎలా ఉంటుందో చూపిస్తే కొందరి కోరిక తగ్గుతుంది. తగ్గాలి కూడా.

నెదర్లాండ్స్‌లో అవాన్స్ అనే కాలేజీకి బ్రెడాలో, డెన్ బాష్‌లో ప్రాంగణాలున్నాయి. ఒకచోట విద్యార్థులు ఏడాదిపాటు చిన్న కంపెనీ నడిపే కార్యక్రమం తప్పనిసరి, రెండోచోట అది లేదు. ఊస్టర్‌బేక్ బృందం రెండుచోట్లా ముందూ తర్వాతా కొలిచి 2010లో ఫలితం ప్రకటించింది. కంపెనీ నడిపినవాళ్లలో వ్యాపారం పెట్టాలన్న ఉద్దేశం తగ్గింది, నైపుణ్యాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. అదే ఏడాది మ్యూనిక్ నుంచి వచ్చిన అధ్యయనంలోనూ తప్పనిసరి కోర్సు తర్వాత సగటు ఉద్దేశం కొంచెం తగ్గింది. అక్కడి పరిశోధకులు దీన్ని వైఫల్యంగా చూడలేదు. తాను దేనికి సరిపోతాడో విద్యార్థికి తెలిసొచ్చిందని, అటో ఇటో స్పష్టంగా విడిపోయారని విశ్లేషించారు.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ఎంబీఏ విద్యార్థులను సెక్షన్లుగా పంచుతారు. గతంలో వ్యాపారం చేసి వచ్చినవాళ్లు ఎక్కువగా పడిన సెక్షన్‌లో తోటి విద్యార్థులు కంపెనీలు పెట్టడం తగ్గిందని లెర్నర్, మాల్మెండియర్ 2013లో చూపించారు. తగ్గినవి ఎక్కువగా ఏవి? నిలబడని కంపెనీలు. దెబ్బ తిన్నవాడు పక్క బెంచీలో ఉంటే పసలేని ఐడియాకు 'ఇది నడవదురా' అని మొహం మీదే చెబుతాడు.

కాబట్టి మీ ప్రిన్సిపాల్ గారు 'ప్రోగ్రాం తర్వాత ఎంతమందికి ఆసక్తి పెరిగింది?' అని అడిగితే ఆ ప్రశ్న దగ్గరే తప్పు మొదలైంది. కోర్సుకూ ఉద్దేశానికీ ఉన్న సంబంధం మీద 73 అధ్యయనాలను బే బృందం 2014లో కలిపి చూసింది. సహసంబంధం, అంటే రెండూ ఎంత కలిసి మారతాయన్న కొలత, గరిష్ఠం 1 అయితే ఇక్కడ వచ్చింది 0.143. దాన్ని వర్గం చేస్తే 2 శాతం, అంటే ఉద్దేశంలోని తేడాల్లో అంత భాగమే కోర్సుతో ముడిపడింది. కోర్సుకు ముందే ఉన్న ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకుంటే అదీ నిలవలేదు. అంటే ఆసక్తి ఉన్నవాళ్లే కోర్సులో చేరుతున్నారు, ఆ ఆసక్తిని మనం మన ఖాతాలో వేసుకుంటున్నాం.

ఇక రెండోది, చేయగలనా. ఇక్కడ ఆగాలి.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా దీనికి స్వీయ సామర్థ్య విశ్వాసం అని పేరు పెట్టాడు. నేను సమర్థుణ్ని అన్న గొప్ప భావన కాదు ఇది. ఫలానా పని నేను చేయగలను అన్న గట్టి అంచనా. తెలియని మనిషి దగ్గరకు వెళ్లి ధర చెప్పగలనా? ఆయన బేరమాడితే నిలబడగలనా? రావాల్సిన డబ్బు అడగగలనా? ఈ అంచనా నాలుగు చోట్ల నుంచి వస్తుంది: స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాడు గెలవడం చూడటం, నమ్మదగిన మనిషి చెప్పిన మాట, ఒంట్లో పుట్టే భయం లేదా నిబ్బరం. వీటిలో బలమైనది మొదటిదే.

అందుకని ఎనిమిది వారాల అభ్యాసం ఒకటి చెబుతాను, రాసుకోండి. జట్టుకు నలుగురు. ఐదుగురైతే ఒకరు చూస్తూ నిలబడతారు. పెట్టుబడి 2,000 రూపాయలు దాటకూడదు. కొనేవాళ్లు బంధువులు కాకూడదు, క్లాస్‌మేట్లు కాకూడదు, మన కాలేజీ అధ్యాపకులు అసలే కాకూడదు. ఈ నియమం లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. ఫెస్ట్‌లో స్టాల్ పెడతారు, జూనియర్ల చేత టీ-షర్టులు కొనిపిస్తారు, లాభమొచ్చిందని ప్రెజెంటేషన్ ఇస్తారు. మొహమాటానికి కొన్నదాన్ని అమ్మకం అనరు.

మొదటి రెండు వారాలు ఏమీ అమ్మకూడదు. ఒక్కో జట్టు పదిహేను మంది అపరిచితులతో మాట్లాడాలి. 'మేమిలా చేస్తే మీరు కొంటారా?' అని మాత్రం అడగకూడదు. మనవాళ్లు మర్యాదస్తులు, 'తప్పకుండా బాబూ' అంటారు. కొనరు. 'ఈ పని ఇప్పుడు ఎలా చేసుకుంటున్నారు? పోయిన నెల దీనికి ఎంత ఖర్చయింది? చివరిసారి ఎప్పుడు ఇబ్బంది పడ్డారు?' అని అడగాలి. జరిగిపోయినదాన్ని గురించి మనుషులు అంత తేలిగ్గా అబద్ధమాడరు. మూడో వారం ఒకే ఒక్క సరుకు లేదా సేవ, దానికో ధర. నాలుగో వారం మొదటి అమ్మకం. అయిదు నుంచి ఏడు వరకు మళ్లీ మళ్లీ అమ్మడం, రోజువారీ లెక్క. ఎనిమిదో వారం లెక్క ముగించి, మిగిలినది పంచుకుని, అప్పులుంటే తీర్చి మూసేయడం. కనీసం పదిమంది డబ్బిచ్చి కొనాలి, అందులో ముగ్గురైనా రెండోసారి కొనాలి. ఆ రెండోసారి కొన్నవాళ్లే అసలు పరీక్ష.

లెక్క ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక జట్టు కిలో జొన్న మురుకులు 280కి కొని, వంద గ్రాముల పొట్లాలు పది కట్టి, ఒక్కోటి 40కి అమ్ముదామనుకుంది. 400లోంచి 280 తీసేస్తే 120 లాభం అని కాగితం మీద వేసుకున్నారు. కవర్లు పొట్లానికి 3 చొప్పున 30. పెట్రోలు 60. ఒక పొట్లం రుచి చూపించడానికి పోయింది, రెండు అమ్ముడుపోలేదు. ఏడు పొట్లాలకు వచ్చింది 280, అయిన ఖర్చు 370. నూట ఇరవై లాభం కాస్తా తొంభై నష్టమైంది. ఈ తొంభై రూపాయల నష్టం నేర్పినంత ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు, ఒక షరతు మీద. తర్వాతి వారమే దాన్ని సరిదిద్దుకునే అవకాశం ఉండాలి. ముందు ఆర్డర్లు తీసుకుని, ధర 50 చేసి, పదీ అమ్మితే 500 వస్తుంది, 130 మిగులుతుంది. ఏ అంకెను కదిపితే ఏమవుతుందో ఆ పిల్లలకు చేతికి తెలుస్తుంది. నష్టం దగ్గరే సెమిస్టర్ అయిపోతే మాత్రం 'మనకు చేతకాదు' అన్న ముద్ర మిగులుతుంది. బందూరా హెచ్చరించిందీ అదే. నమ్మకం ఇంకా గట్టిపడక ముందే వచ్చిన ఓటమి దాన్ని దెబ్బతీస్తుంది, మరీ తేలిగ్గా వచ్చిన గెలుపు ఏమీ కట్టదు. అందుకే ఎనిమిది వారాలు పెట్టాం, రెండు రోజుల హ్యాకథాన్ చాలదు.

ఆహారం అమ్మే జట్టుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ సంగతి ముందే చెప్పండి. అది ఉన్న స్థానిక తయారీదారు దగ్గర కొని, ఆయన ప్యాక్ చేసిన సరుకునే అమ్మించడం మేలు, అయినా అమ్మేవాళ్లకూ రిజిస్ట్రేషన్ కావాలేమో ముందే కనుక్కోండి. యూపీఐ డబ్బు ఒకరి ఖాతాలోనే పడాలి, రోజూ సాయంత్రం నోటుబుక్కులో నలుగురూ సంతకం పెట్టాలి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ జట్లు విడిపోయేది ఐడియా దగ్గర కాదు, ఈ నోటుబుక్కు దగ్గరే.

తనలాంటివాడు గెలవడం చూడటం రెండో మూలం అన్నాను. 'తనలాంటివాడు' అన్నదే అక్కడ కీలకం. వందల కోట్ల కంపెనీ అధిపతిని పిలిస్తే విద్యార్థి చప్పట్లు కొడతాడు, తనకూ ఆయనకూ మధ్య దూరం కొలుచుకుని ఇంటికి పోతాడు. అదే కాలేజీలో రెండేళ్ల ముందు చదివి, అదే బస్సులో వచ్చి, ఇప్పుడు ఏలూరులో సోలార్ పంపులు బాగుచేసే దుకాణం పెట్టుకున్న సీనియర్‌ను పిలిస్తే 'వీడు చేశాడా? అయితే...' అంటాడు. ఆ 'అయితే' మనకు కావాలి. ఆ సీనియర్‌ను ప్రసంగం చేయమనొద్దు. మొదటి పదిమంది ఖాతాదారులు ఎలా దొరికారు, మొదటి ఏడాది ఇంట్లో ఎంత ఇచ్చాడు, ఎవరు డబ్బు ఎగ్గొట్టారు, ఈ మూడే అడగండి.

పెద్ద పేర్లు చెప్పక తప్పదనుకుంటే వాటి కాలక్రమం కూడా చెప్పండి. ఫణీంద్ర సామ, మిత్రులు 2006లో రెడ్‌బస్ పెట్టేటప్పటికి చదువు అయ్యి బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. స్కైరూట్ స్థాపకులు ఇస్రోలో పనిచేసి, 2018లో కంపెనీ పెట్టి, 2022 నవంబరులో విక్రమ్-ఎస్‌ను ఎగరేశారు. మనం మాత్రం ఈ కథలను 'చదువు మానేసి కంపెనీ పెట్టాడు' అన్న వరసలో కలిపేస్తాం. ఉద్యోగం చేసి, పరిశ్రమ లోపలి గుట్టు తెలుసుకుని, తర్వాత దిగడం కూడా ఉద్దేశమే. భారతదేశ విద్యార్థులపై 2023లో జరిగిన గెస్ అనే అంతర్జాతీయ విద్యార్థి సర్వేలో చదువు కాగానే కంపెనీ పెడతామన్నవాళ్లు 14 శాతం, అయిదేళ్ల తర్వాత పెడతామన్నవాళ్లు 31 శాతం. మన ప్రోగ్రాములన్నీ ఆ 14 మందికే. మిగతావాళ్లు ఉద్యోగంలో ఉండగా ఏం గమనించాలో, ఎంత పొదుపు చేయాలో, ఎవరితో పరిచయాలు పెంచుకోవాలో చెప్పే తరగతి ఒక్కటీ లేదు.

మూడో మూలం, మాట. 'సూపర్ ఐడియా' అన్న మాట వల్ల ఉపయోగం సున్నా. 'నువ్వు ధర చెప్పాక మాట్లాడకుండా ఆగావు, అది బాగుంది' అన్నది పనికొస్తుంది. నాలుగోది భయం. ఇక్కడ మనం చేతులారా చేసే తప్పు ఒకటుంది: పిచింగ్, అంటే ఐడియాను ఇతరుల ముందు వివరించి ఒప్పించడం, ఇంగ్లిష్‌లోనే ఉండాలనడం. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల తన సరుకు గురించి భయపడుతోందా, భాష గురించి భయపడుతోందా? తెనాలిలో కిరాణా కొట్టాయనకు అమ్మాల్సింది తెలుగులోనే కదా. మార్కుల పత్రంలో 'కమ్యూనికేషన్ స్కిల్స్' గడిని కొట్టేసి 'ఖాతాదారుకు అర్థమైందా' అని రాయండి.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి. వ్యాపారి అనగానే మగవాడి లక్షణాలే మనసులో మెదులుతాయని అమెరికా, ఇండియా, టర్కీ విద్యార్థులపై గుప్తా బృందం 2009లో చూపించింది. ఆ ముద్ర ఉన్నచోట అమ్మాయి తన సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వేసుకుంటుంది. ముద్ర ఒక్కరోజులో పోదు. హాస్టల్ గేటు మాత్రం రేపే మారొచ్చు. దుకాణదారులు తీరిగ్గా మాట్లాడేది సాయంత్రం, గేటు మూసేదీ సాయంత్రమే. వారానికి రెండు రోజులు అనుమతి, జట్టులో కనీసం ఇద్దరు అమ్మాయిలు, ఈ రెండూ చేస్తే 'అమ్మాయిలు ముందుకు రావడం లేదు' అన్న ఫిర్యాదు చాలావరకు తగ్గుతుంది. హైదరాబాద్‌లో 2018 నుంచి వీ-హబ్ మహిళల వ్యాపారాలకు తోడ్పడటానికే నడుస్తోంది, దాని సంగతి థర్డ్ ఇయర్‌లోనే చెప్పండి.

ఇక మూడో ప్రశ్న, చేయనిస్తారా.

పరిశోధనల్లో ఈ అంశం తరచు బలహీనంగా తేలుతుంది. 2000లో క్రూగర్ బృందం పరీక్షించినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల అభిప్రాయం నేరుగా ప్రభావం చూపలేదు. స్పెయిన్, తైవాన్‌లలో లిన్యాన్, చెన్ 2009లో చూసినప్పుడు అది నేరుగా కాకుండా, మొదటి రెండు ప్రశ్నల ద్వారా పనిచేసింది. అంటే ఇంట్లోవాళ్ల మాట 'నాకు కావాలా', 'నేను చేయగలనా' అన్న జవాబుల్లోకే ఇంకిపోతుంది. నాన్న వద్దన్నాడని ఎవరూ రాయరు, 'నాకే ఆసక్తి లేదు' అని రాస్తారు.

మన ఇళ్లలో ఈ 'వద్దు' వెనక లెక్కలున్నాయి, వాటిని పిరికితనం అనొద్దు. ఒకటి విద్యారుణం. 5 లక్షలు, 10 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 6,600 కట్టాలి. సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది వెసులుబాటు ఉంటుంది, ఆ తర్వాత వాయిదా ఆగదు. రెండు, చెల్లెలి పెళ్లి. మూడు, ఇతని పెళ్లే. 'అబ్బాయి ఏం చేస్తున్నాడు?' అన్న ప్రశ్నకు కంపెనీ పేరు, ప్యాకేజీ చెబితే మాట ముందుకు సాగుతుంది. 'సొంతంగా ఏదో...' అన్నారంటే అవతలివాళ్లు కాఫీ తాగి లేస్తారు. తల్లిదండ్రులకు భయం వ్యాపారమంటే కాదు. ఎంతకాలం, ఎంత డబ్బు, తర్వాత ఏమిటి అన్నది ఎవరూ చెప్పకపోవడం వాళ్ల భయం.

దానికి ఒక పేజీ కాగితం చాలు. తల్లిదండ్రుల సమావేశంలో విద్యార్థి చేతే చెప్పించండి. ఎన్ని నెలలు ప్రయత్నిస్తాడు, సాధారణంగా 12. ఇంటి నుంచి ఎంత అడుగుతాడు, వీలైతే సున్నా. నెలవారీ ఖర్చు ఎక్కడి నుంచి. ఏ తేదీ నాటికి ఎంత అమ్మకం రాకపోతే ఉద్యోగ ప్రయత్నంలోకి వెళ్తాడు. కేంద్ర ప్రభుత్వ నిధి-ఈఐఆర్ ఫెలోషిప్ దొరికితే నెలకు గరిష్ఠంగా 30 వేలు, 12 నెలల వరకు వస్తుంది. నమూనా తయారీకి నిధి-ప్రయాస్‌లో 10 లక్షల వరకు గ్రాంటు ఉంది. ఇవి పోటీలో గెలవాల్సినవి, హామీలు కావు. అది కూడా ఆ కాగితంలో రాయాలి. 2019 జాతీయ ఇన్నొవేషన్, స్టార్టప్ విధానంలో విద్యార్థి స్టార్టప్‌కు హాజరు సడలింపు, సెమిస్టర్ విరామం వంటివి ఉన్నాయి. మీ కాలేజీ దాన్ని ఆమోదించిందా, ఆ దరఖాస్తు ఎవరికివ్వాలి అన్నది మీకే తెలియకపోతే విద్యార్థికి ఎలా తెలుస్తుంది? కొన్ని ఐఐటీల్లోలా ఏడాది తర్వాత మళ్లీ ప్లేస్‌మెంట్‌కు కూర్చోనిచ్చే పద్ధతి పెడితే ఇంట్లో జరిగే సగం వాదన అక్కడికక్కడే ముగుస్తుంది.

వ్యాపార కుటుంబాల పిల్లలు మనకు తేలిక అనుకుంటాం. అంత సూటిగా లేదు. జెల్‌వెగర్ బృందం 2011లో చూపించింది ఏమిటంటే, ఇంట్లో వ్యాపారం ఉన్న విద్యార్థులకు చేయగలమన్న నమ్మకం ఎక్కువే, కానీ వ్యాపారంలో పగ్గాలు తమ చేతిలో ఉంటాయన్న నమ్మకం తక్కువ. నాన్న పండగరోజు కూడా కొట్టు తెరవడం, డిస్ట్రిబ్యూటర్ ఫోనుకు భయపడటం వాళ్లు చూస్తూ పెరిగారు మరి.

కొలవడం గురించి కొంచెం. లిన్యాన్, చెన్ ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు: ఇష్టానికి 5, చుట్టూ ఉన్నవాళ్లకు 3, చేయగలనా అన్నదానికి 6, ఉద్దేశానికి 6. ఏడు మెట్ల కొలత. తెలుగులోకి మార్చేటప్పుడు ఒకరు తెలుగు చేయాలి, అసలు చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్ చేయాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. 'కుటుంబం' అన్న ఒక్క ప్రశ్న మన దగ్గర చాలదు. నాన్న, అమ్మ, మాట చెల్లే ఇంకో పెద్ద, అది మేనమామ కావచ్చు, బావ కావచ్చు, ఇలా విడివిడిగా అడగండి. పక్కనే 'వీరి మాటకు మీరెంత విలువిస్తారు?' అనీ అడగండి. రెండూ గుణిస్తేనే ఒత్తిడి ఎటు ఉందో తెలుస్తుంది.

మామూలుగా జరిగే తప్పులు: ఈ-సెల్ సభ్యులకే ఫారం ఇవ్వడం. హాల్‌టికెట్ నంబరు రాయించి, మార్కులు వేసే అధ్యాపకుడే ఎదురుగా నిలబడటం. ప్రోగ్రాం ముందు అరవై మందిని, తర్వాత నలభై మందిని కొలిచి సగటులు పోల్చడం. మధ్యలో మానేసిన ఇరవై మంది మొదటి నుంచీ ఆసక్తి తక్కువ ఉన్నవాళ్లే కావచ్చు, అప్పుడు సగటు ఎవరూ మారకుండానే పెరుగుతుంది. పేర్లకు బదులు విద్యార్థే తయారుచేసుకునే గుర్తు పెట్టించండి, అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీ, అలాంటిది. రెండు కొలతలూ ఉన్న విద్యార్థులనే పోల్చండి. కోర్సు చేయని ఒక సెక్షన్‌ను పక్కన కొలవండి.

చివరగా, ఉద్దేశం ఉన్నవాణ్ని పనిలోకి దింపే మెట్టు. గోల్‌విట్జర్ 1999లో చెప్పినది చాలా సాదాగా ఉంటుంది: 'చేస్తాను' అన్నదాన్ని 'ఫలానా సమయంలో, ఫలానా చోట, ఫలానా పని' అని మార్చాలి. 'మార్కెట్ సర్వే చేస్తాను' కాదు. 'శనివారం పదింటికి విజయవాడ గవర్నర్‌పేటలో మూడు మొబైల్ షాపుల్లో రిటర్నుల గురించి అడుగుతాను.'

మనవాళ్లు వేసే మొదటి మెట్టు మాత్రం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్ చేయడం. అది పని చేసిన తృప్తినిస్తుంది, పని మాత్రం కాదు. ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి, ఏఓసీ-4 (లెక్కల పత్రం), ఎంజీటీ-7ఏ (చిన్న కంపెనీల వార్షిక రిటర్ను) దాఖలు చేయాలి, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. రెండు ఫారాలు ఏడాది మరిచిపోతే 73 వేలు. ఉద్యోగంలో చేరి మరిచిపోయిన ముగ్గురు డైరెక్టర్లకు ఇది ఎప్పుడో ఒకసారి నోటీసుగా వస్తుంది. ఖాతాదారులు దొరికేదాకా సొంత పేరు మీద, చిన్న వ్యాపారాలకు ఉచితంగా వచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టుకోమనండి. బయటి పెట్టుబడి వచ్చేటప్పుడు, లేదా కేంద్ర ప్రభుత్వం స్టార్టప్‌లకు ఇచ్చే డీపీఐఐటీ గుర్తింపు అవసరమైనప్పుడు కంపెనీ చేసుకోవచ్చు.

ప్రశ్న ఒకటి వచ్చింది. 'కోర్సు అయ్యాక ఉద్దేశం తగ్గితే న్యాక్ (కాలేజీలను మదింపు చేసే సంస్థ) ఫైల్లో ఏం రాయాలి?' అని. మంచి ప్రశ్న. సగటు ఒక్కటే రాయకండి. పెరిగినవాళ్లు ఎందరు, తగ్గినవాళ్లు ఎందరు, చేయగలనన్న మార్కు ఎటు కదిలింది, ఎన్ని జట్లకు రెండోసారి కొన్న ఖాతాదారులున్నారు అని నాలుగు వరసలు రాయండి. తగ్గినవాళ్లతో పది నిమిషాలు మాట్లాడి కారణం పక్కన పెట్టండి. రెండో కొలత కోర్సు చివరి రోజున కాకుండా ఆరు నెలలకు తీసుకోండి, ప్లేస్‌మెంట్ సీజన్‌లో మాత్రం వద్దు. ప్రశ్నావళి తెలుగు ముసాయిదా, తల్లిదండ్రుల కోసం ఆ ఒక పేజీ నమూనా, జట్ల లెక్కల నోటుబుక్కు, మూడూ తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. టీ అయ్యాక నలుగురేసి కూర్చుని మొదటి రెండు వారాల ప్రశ్నలు రాద్దాం.